తొమ్మిదో ఏటి మహోత్థానం

మహానగరాలు నిలబడేది రాజ్యాంగాల మీద కాదు, వర్తకం మీద కాదు, వీరుల త్యాగాల మీద అంతకన్నా కాదు. రేగుపండంత ఇత్తడి బొడిపెల మీద. ఈ సత్యం చరిత్రకారుల కంట పడకపోవడానికి కారణం, వారు సాధారణంగా తల పైకెత్తుకుని నడుస్తారు. బొడిపె కింద ఉంటుంది. ఏ మెట్టు మీదనో, ఏ వంతెన మొదట్లోనో రాతిలో సగం దిగి, గుండ్రటి నెత్తి మాత్రం బయటపెట్టుకుని, తన ఎత్తెంతో ఎవరైనా వచ్చి అడుగుతారని ఓపిగ్గా ఎదురుచూస్తుంది.

ఆ సముద్రతీర నగరంలో అలాంటివి నూట పన్నెండు ఉన్నాయి. ఏటా వర్షాలు వెనకబట్టాక వెళ్లి వాటిని పలకరించే బాధ్యతను ప్రభుత్వం భూమట్టాల విభాగానికి అప్పగించింది. విభాగమంటే ఒక గది, ఒక లెవెల్ యంత్రం, రెండు కొలకర్రలు, ఒక నల్ల గొడుగు, ముగ్గురు మనుషులు. గొడుగు మనుషుల కోసం కాదు. యంత్రానికి ఎండ తగలకూడదు. మనుషులకు తగిలితే ప్రభుత్వానికి అభ్యంతరం లేదు.

విభాగాధిపతిని అందరూ లెవెల్ మేడమ్ అనేవారు. పంతొమ్మిదేళ్లుగా ఆమె ఆ యంత్రం వెనక నిలబడి ఒక కన్ను మూసుకుని లోకాన్ని చూసింది. గొడుగు పట్టి అంకెలు రాసుకునేందుకు ఒక గుమాస్తా ఉండేవాడు. కొలకర్ర పట్టేవాడి పేరు కార్యాలయంలో ఎవరికీ గుర్తులేదు. స్తంభం అంటే చాలు. బొడిపె నెత్తిన కర్ర ఆనించి, రసమట్టం బుడగ నడిమధ్యకు రాగానే ఊపిరి సైతం బిగబట్టి నిలబడగల మహానుభావుడు. ఆయనలో కదిలేది దవడ ఒక్కటే. సిగరెట్లు మానిన నాటినుంచీ బబుల్ గమ్ నములుతూ, ప్రతి ఉదయం అందరికీ తలా ఒకటి పంచేవాడు. గుమాస్తా తీసుకునేవాడు. మేడమ్ దాదాపు ఎప్పుడూ తీసుకునేది కాదు.

నగరం కుంగిపోతోంది. ఇందులో రహస్యమేమీ లేదు. అందులో సగం ఒకప్పుడు సముద్రం. కొండలు తవ్వి, పాత ఇళ్లు కూల్చి, ఆ మట్టీ రాళ్లూ ఇటుకముక్కలూ కడలిలో పోసి, పైన రోడ్డు వేసి, "ఇకనుంచి నువ్వు నేలవి" అని దానికి చెప్పారు. నేల ఒప్పుకుంది గానీ మనస్ఫూర్తిగా కాదు. ఆ పోతమట్టి కింద ముప్ఫై మీటర్ల మందాన నల్లటి సముద్రపు బంకమన్ను తడిసిన పరుపులా పరుచుకుని ఉంది. పైన ఎన్ని అంతస్తులు పేరిస్తే అంత అణుగుతుంది. చాలదన్నట్టు ప్రతి భవనమూ తన కాళ్ల కింది నీళ్లు తానే తోడుకుని తాగుతోంది. రేవు వీధి ఏడాదికి పదకొండు మిల్లీమీటర్లు, బట్టల బజారు నాలుగు, న్యాయస్థానం రెండున్నర చొప్పున పాతాళం వైపు హుందాగా ప్రయాణిస్తున్నాయి. పున్నమి పోటుకు సముద్రం మురుగుకాలువల్లోంచి ఎదురెక్కి వచ్చి, చినుకు పడని రోజున కూడా బజారులో మోకాళ్ల లోతున నిలిచేది. దుకాణదారులు ఏటా గుమ్మాన్ని ఒక ఇటుక వరుస ఎత్తు పెంచేవారు. పైకప్పు పెరగదు గనుక, కొనవచ్చినవాళ్లంతా తల వంచుకుని వినయంగా లోపలికి వెళ్లవలసి వచ్చేది. వర్తకులకు ఈ ఏర్పాటు నచ్చింది.

ఈ సార్వత్రిక పతనంలో ఒకే ఒక్క బొడిపె ఎదురు తిరిగింది. నగరం చివర, సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన నల్లరాతి మీద పాత లైట్‌హౌస్ ఉంది. దాని తలుపు కమాను కింద, పై మెట్టులో ఉన్న నూట పన్నెండో బొడిపె ఏటా పైకి లేస్తోంది. ఎక్కువ కాదు, మిల్లీమీటరులో మూడో వంతు కన్నా కొంచెం తక్కువ. కానీ ఒక్క ఏడూ తప్పకుండా లేస్తోంది. ఎనిమిదో ఏటికీ తొమ్మిదో ఏటికీ నడుమనైతే ఉన్నట్టుండి మూడు మిల్లీమీటర్లకు పైగా ఎగిరింది. ఆ అంకె చూసిన రోజున లెవెల్ మేడమ్ మధ్యాహ్నం భోజనం మరిచిపోయింది. భూగర్భం కదులుతోంది! నల్లరాతి కింద ఏదో పెద్దది మేలుకుని ఒళ్లు విరుచుకుంటోంది! నలభై రెండు పేజీల వ్యాసం రాసి, ఆ సంఘటనకు "తొమ్మిదో ఏటి మహోత్థానం" అని పేరు పెట్టింది. నగరంలో దాన్ని పూర్తిగా చదివినవాడు ఒక్కడే, అదీ ఎగతాళి చేయడానికి. అతను ఆమె మరిది.

మరిది అదే కార్యాలయంలో పై అంతస్తున ఉపగ్రహ విభాగానికి అధిపతి. కింద నేలను కొలిచేవాళ్లు, పైన ఆకాశంలోంచి కొలిచేవాళ్లు. ప్రభుత్వం గదులు కేటాయించేటప్పుడు అప్పుడప్పుడు కవిత్వం చేస్తుంది. పనిరోజుల్లో ఆమెను మేడమ్ అనేవాడు. ఆదివారం అన్నగారింటికి భోజనానికి వచ్చి, చెప్పులు విప్పీ విప్పకముందే మొదలుపెట్టేవాడు.

"వదినా, మీ బొడిపె ఎలా ఉంది? బాగా ఎదుగుతోందా? వచ్చే ఏడు బడిలో వేద్దామా?"

"మీ స్టేడియం సంగతి చెప్పండి మరిదిగారూ. పోయిన వానాకాలం జానెడు పైకి లేచిందని పటం అచ్చేశారు. దిగిందా, ఇంకా అక్కడే ఉందా?"

"అది మబ్బుల్లో తేమ వదినా. ఆ తడిగాలిలోంచి వచ్చేసరికి మా సిగ్నల్ ఆలస్యమవుతుంది."

"ఆలస్యంగా రావడం మీ వంశంలోనే ఉంది. అన్నం చల్లారిపోయింది, కూర్చోండి."

ఆమె భర్త పళ్ల డాక్టరు. ఇంటి కింది భాగంలోనే ఆసుపత్రి. తమ్ముడికీ భార్యకూ మధ్య ఆయన తటస్థ దేశం. పెళ్లయ్యాక ఆయన ఆమెతో గట్టిగా వాదించింది ఒకే ఒక్కసారి. పదకొండేళ్ల కిందట తాను ఆమె పంటికి పెట్టిన సిమెంటు వారం తిరక్కుండా ఊడిపోయినప్పుడు. జిగురు వస్తువులేవీ నమల్లేదని ఆమె ఒట్టేసి చెప్పింది. పనిలో లోపమని ఆయన ఒప్పుకోవలసి వచ్చింది. ఆ గాయం ఇంకా పూర్తిగా మానలేదు.

ఈ ఏడు ఎగతాళి ఎగతాళిగా ఆగలేదు. సంస్కరణల సంఘం నుంచి ఉత్తర్వు వచ్చింది. ఒకే నేలను రెండు విభాగాలు కొలవడం దుబారా గనుక, భూమట్టాల విభాగం ఉపగ్రహ విభాగంలో కలిసిపోతుంది. లెవెల్ యంత్రాన్ని సందర్శకుల విజ్ఞానార్థం కింది అంతస్తులో అద్దాల బీరువాలో ఉంచుతారు. ఆమె మూడు పేజీల అభ్యంతరం రాసింది. సంఘం ఛైర్మన్, రేవులు కట్టి తల నెరిసిన ఇంజినీరు, కింద స్వదస్తూరీతో ఒక వాక్యం చేర్చారు: నూట పన్నెండో బిందువు ఈ ఏడు కూడా లేచినట్టు తన కళ్లెదుట తేలితే, దాన్ని కనిపెట్టుకుని ఉండేందుకు విభాగాన్ని కొనసాగించవచ్చు.

ఆ రాత్రి నుంచి ఆమెకు బీరువా కలలోకి రాసాగింది. అద్దం వెనక యంత్రం, యంత్రం వెనక ఒక కన్ను మూసుకుని తాను.

కొలత ఆరు ఉదయాలు సాగింది. కొండ మీద నీళ్ల ట్యాంకు పక్కన, ఎన్నడూ కదలని రాతిలో ఉన్న మూలబిందువు దగ్గర మొదలుపెట్టి, ముప్ఫై అడుగులకొకసారి యంత్రం దించి, కర్ర నిలిపి, అంకె చదివి, నాలుగు కిలోమీటర్లు దిగి రావాలి. ఏ రోజు నడిచిన ముక్కను ఆ రోజే వెనక్కి కొలిచి సరిచూడాలి. ఉదయం పదకొండు దాటితే సముద్రపు గాలి లేస్తుంది, రోడ్డు మీది వేడికి కర్ర మీది అంకెలు ఈత కొడతాయి. కాబట్టి తెల్లారకముందే బయల్దేరేవారు. ఆమెకు ఆరు రోజులూ కాళ్లు నేల మీద నిలవలేదు. వంతెన మీద లారీ వెళ్తే ఆగమనేది. లారీ ఆగకపోతే తానే వెళ్లి అడ్డంగా నిలబడేది.

"మేడమ్, వాళ్లు హారన్ కొడుతున్నారు," అన్నాడు గుమాస్తా.

"కొట్టనీ. చెవులతో కొలవడం లేదుగా!"

ఆరో రోజు పది గంటలకు లైట్‌హౌస్ చేరేసరికి ఛైర్మన్ అప్పటికే వచ్చి ఉన్నారు. పక్కన మరిది, చేతిలో రంగురంగుల పటం. స్తంభం పై మెట్టెక్కి నూట పన్నెండో బొడిపె నెత్తిన కర్ర ఆనించాడు. ఆమె ముప్ఫై అడుగుల అవతల యంత్రం వెనక నిలబడింది. అదే ఆమె స్థానం. పంతొమ్మిదేళ్లలో ఆ మెట్టు దగ్గరికి ఆమె వెళ్లింది ఒకే ఒక్కసారి. ఎనిమిదో ఏట కొలత ముగిశాక పై అధికారి నుంచి ఫోను వస్తే, నీడ కోసం. అధికారితో మర్యాదగా మాట్లాడవలసి వచ్చిందని తప్ప ఆ సందర్భంలో ఆమెకేమీ గుర్తులేదు.

అంకె చదివింది. గుమాస్తా రాశాడు, కూడాడు, తీసేశాడు. అతని గొడుగు కొంచెం పక్కకు ఒరిగింది.

"చెప్పు," అంది ఆమె.

"మొదటి ఏటి మీద పోయినేడాది ఎనిమిది మిల్లీమీటర్లు, మేడమ్."

"అది నాకు తెలుసు. ఇప్పుడు?"

"ఎనిమిది."

"ఎనిమిదీ పాయింట్ ఎంత?"

"పాయింట్ సున్నా మేడమ్. కదల్లేదు."

రెండోసారి చదివింది. మూడోసారి స్తంభాన్ని పక్కకు జరగమని కర్ర గుమాస్తాచేత పట్టించి చదివింది. ఎనిమిదే. పదిహేడేళ్లపాటు ఒక్కసారి కూడా మాట తప్పని బొడిపె, ఛైర్మన్‌గారు చూడవచ్చిన రోజున అలక పూనింది! ఛైర్మన్ ఇరవై అడుగుల దూరంలో మరిది చూపిస్తున్న పటం మీదికి వంగి ఉన్నారు. ఆమె మెల్లగా మెట్లెక్కింది. ఏమి చేయాలో తెలియనప్పుడు దగ్గరికి వెళ్లి చూడడం శాస్త్రంలో ఆఖరి పద్ధతి.

అప్పుడే లైట్‌హౌస్ లోపలినుంచి అందరూ దీపం తాత అని పిలిచే కాపలా ముసలాయన ఒక చేత్తో ఎర్రరంగు డబ్బా, రెండో చేత్తో కుంచె పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చాడు.

"అమ్మా, అమ్మా, ఆగండి! తప్పు నాదే. ఈసారి వానలు పదిరోజులు ఎక్కువ పట్టాయి. దీపస్తంభానికే ఇంకా రంగు పడలేదు. మీ దానికి వేసేలోపే మీరు వచ్చేశారు."

"మా దానికా? మా దేనికి?"

"ఇదిగో, ఈ బుడిపెకి. మీరు మొదటిసారి వచ్చిన ఏడు చూశాను కదమ్మా, మీరంతా ఎండలో మాడుతూ ఆ యంత్రానికి గొడుగు పట్టారు. ఇదేదో చాలా పెద్ద వ్యవహారం, దీన్ని ఇలా బోసిగా ఉంచకూడదు అనుకున్నాను. అప్పట్నుంచి ఏటా మీరొచ్చే ముందురోజు రెండు పూతలు. ఉప్పుగాలికి ఈ దీపస్తంభం రంగు ఏడాదికే పొలుసులుగా రాలిపోతుంది గానీ, ఇది కమాను కింద ఉంది చూడండి, ఒక్క పొర కూడా ఊడదు! ఒక ఏడైతే మీవాళ్లు దాని మీద ఏదో గుబ్బ కూడా పెట్టి వెళ్లారు. సర్కారు వస్తువు, తీయడానికి నేనెవర్ని? దానిక్కూడా జాగ్రత్తగా..."

ఆమె వినడం మానేసింది. ఆమె లోపల గుమాస్తా కన్నా వేగంగా లెక్క నడుస్తోంది. ఏటా రెండు పూతలు. మిల్లీమీటరులో మూడో వంతుకు కొంచెం తక్కువ. భూగర్భంలో మేలుకున్న ఆ మహాశక్తి డబ్బాతో సహా ఎదురుగా నిలబడి వగరుస్తోంది.

"రెండు నిమిషాల పని," అన్నాడు తాత, కుంచె ముంచుతూ. "త్వరగా ఆరే రకం. అరగంటలో రాయైపోతుంది."

పదీ పది. సముద్రపు గాలి లేవడానికి ఇంకా యాభై నిమిషాలుంది. ఛైర్మన్‌కు ఏమీ వినపడలేదు. స్తంభానికి వినపడింది, అతని దవడ ఆగింది. పంతొమ్మిదేళ్లలో అది ఆగడం ఆమె చూడలేదు. అరగంట. రెండు పూతలు. ఎనిమిదీ పాయింట్ మూడు. యంత్రానికి బీరువా తప్పుతుంది. చేయవలసిందల్లా నోరు మూసుకుని గొడుగు కింద నిలబడడం.

"తాతా," అంది ఆమె, "నీ దగ్గర చాకు ఉందా?"

తాత డబ్బా మూత తీసే చాకు ఇచ్చాడు. ఆమె మెట్టు మీద కూర్చుని, గొంతు సరిచేసుకుని, రేవు దాకా వినపడేలా పిలిచింది.

"ఛైర్మన్‌గారూ! ఇలా రండి. మీరు చూడాలన్న మహాశక్తి ఇక్కడే ఉంది."

అందరూ మూగారు. చాకు మొన బొడిపె అంచున దిగింది. ఇటు గీరింది, అటు గీరింది. చివరికి ఎర్రటి టోపీ ఒకటి, ఎక్కడా విరగకుండా, టప్పున ఊడి ఆమె అరచేతిలో పడింది. కింద ఇత్తడి, పెళ్లినాటి గిన్నెలా మెరుస్తోంది. దీపం తాత పదిహేడేళ్ల పూతల కథంతా మళ్లీ అందరికీ చెప్పి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"మరిదిగారూ, కర్ర నిలువుగా ఉందో లేదో మీరే చూసుకోండి. మళ్లీ చదువుతున్నాను."

చదివింది. గుమాస్తా కూడాడు. తీసేశాడు. మళ్లీ కూడాడు. తర్వాత గొడుగు కింద పడేసి, కార్యాలయ మర్యాదలన్నీ మరిచి అరిచాడు.

"సున్నా! మేడమ్, సున్నా పాయింట్ సున్నా! మొదటి ఏడు ఎంతో ఇప్పుడూ అంతే! వెంట్రుకవాసి కదల్లేదు!"

ఛైర్మన్ ఆ టోపీని అందుకుని ఎండకు పట్టి చూశారు. అంచున సన్నటి గీతలు, పుస్తకం పేజీల్లా.

"అంటే," అన్నారాయన నెమ్మదిగా, "కొండ మీదినుంచి నాలుగు కిలోమీటర్లు, లారీల మధ్యలోంచి, బజారుల్లోంచి నడిచొచ్చి, మీరు... రంగు పూతలు కొలిచారా?"

"తెలియక కొలిచాం, సార్."

"పదిహేడేళ్లు? ఏటా? ఒక్క పూత కూడా తప్పకుండా?" ఆయన గొంతు పెరిగింది. ముసలి ముఖం పండగలా వెలిగింది. "ముప్ఫయ్యేళ్లు రేవులు కట్టానమ్మా! సెంటీమీటరు తేడా వస్తే అదృష్టమనుకున్నాం! ఏమయ్యా ఉపగ్రహం, మీరు రంగు పూత చూడగలరా?"

మరిది పటం మడిచాడు. ఎగతాళి అతని వృత్తి గానీ అబద్ధం కాదు.

"సార్, మాకు ఈ లైట్‌హౌస్ మొత్తం ఒక చుక్క. అదీ మబ్బు లేకపోతే."

"ఊరంతా కుంగుతుంటే కొండ కింద కదలకుండా నిలబడ్డ రాయి ఇదొక్కటి! దీన్ని పట్టుకునే కదా మిగతావన్నీ కొలవాలి! బీరువా లేదు, విలీనం లేదు. ఇక్కడే రాసిస్తాను, కాగితం ఏది?"

కాగితం లేకపోతే మరిది పటం వెనక రాశారు. స్తంభం తాతను ఎత్తుకుని ఒక చుట్టు తిప్పాడు. మరిది వదిన దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

"వదినా, ఇవాళ్టినుంచి మీ బొడిపెను ఏమీ అనను."

"అనకపోతే నాకు తోచదు మరిదిగారూ. ఆదివారం తొందరగా రండి, చెబుతాను."

చెప్పడానికి నిజంగానే ఉంది. శుక్రవారం, శనివారం ఆమె ఆ టోపీని భూతద్దం కింద పెట్టి లెక్కించింది. సన్నటి బ్లేడుతో సగానికి కోస్తే, నగరం కింది పొరల్లాగే పొరలు: ముప్ఫై నాలుగు పూతలు. కానీ పద్నాలుగో పూతకూ పదిహేనో పూతకూ నడుమ మరొకటుంది. ఎరుపు కాదు. బూడిదరంగు. మూడు మిల్లీమీటర్లకు రవ్వంత తక్కువ. దాని నడుమ తెల్లటి గట్టి పలుకు ఒకటి, ముత్యంలా.

ఎనిమిదో ఏటికీ తొమ్మిదో ఏటికీ నడుమ!

ఆదివారం మరిది మొదటిసారిగా వేళకు వచ్చాడు. అన్నం వడ్డించి ఉంది, ఎవరూ కూర్చోలేదు.

"రంగు సంగతి ఒప్పుకున్నాను," అందామె, గది ఇటునుంచి అటు నడుస్తూ. "భూమి లేవలేదు, అదీ ఒప్పుకున్నాను. కానీ ఇది రంగు కాదు! సముద్రపు గాలిలో ఉప్పు ఉంది, సున్నం ఉంది, తేమ ఉంది. ఆ ఒక్క ఏడు గాలి ఏ దిక్కునుంచి వీచిందో, ఎంత తడి తెచ్చిందో, ఒక్క వానాకాలంలో మూడు మిల్లీమీటర్ల ఖనిజం పేరుకుంది! లోకంలో ఎక్కడా ఇంత వేగంగా రాయి పుట్టలేదు. మధ్యలో స్ఫటికం చూడండి!"

మరిది చూశాడు. అతనిలోని శాస్త్రవేత్త అతనిలోని మరిదిని తోసి ముందుకొచ్చాడు.

"వదినా, ఆ ఏటి గాలుల లెక్కలు మా దగ్గర ఉన్నాయి! రేపే తీస్తాను. ఇద్దరి పేర్లతో రాద్దాం."

"నా పేరు ముందు. మహోత్థానం అన్న మాట తీసేస్తాను, మిగతా నలభై రెండు పేజీలూ అలాగే పనికొస్తాయి. ఏమండీ, మీ పెద్ద భూతద్దం ఇటు తెండి, స్ఫటికం కోణాలు లెక్కపెట్టాలి!"

పళ్ల డాక్టరు నుదుటికి కట్టుకునే భూతద్దంతో కిందినుంచి వచ్చాడు. తటస్థ దేశం గనుక ఎవరి పక్షమూ వహించకుండా, సన్నటి కొక్కెంతో ఆ బూడిదరంగు పొరను తాకి చూశాడు. అది కొద్దిగా సాగింది. తెల్లటి పలుకును వెలికి తీసి, అరచేతిలో వేసుకుని, దీపం కింద అటూ ఇటూ దొర్లించాడు. ఆయన ముఖంలో పదకొండేళ్ల న్యాయం నెమ్మదిగా ఉదయించసాగింది.

"ఇది నా సిమెంటు," అన్నాడు. "కింది దవడ, ఎడమ వైపు. చుట్టూ ఉన్నది బబుల్ గమ్."